తెనాలిలో షాట్‌పుట్ సర్కిల్: మాస్టర్స్ అథ్లెట్ల పని డైరీ

సంక్రాంతి వెళ్ళిన వారం

స్కూలు మైదానంలో నైరుతి మూల మాకు ఇచ్చారు. హెడ్‌మాస్టరు గారు పెట్టిన షరతు ఒక్కటే, పిల్లలు కూడా వాడుకోవాలని. అంతకంటే మాకు కావలసింది ఏముంది!

కట్టబోయేది షాట్‌పుట్ సర్కిల్, అంటే ఇనుప గుండు విసిరే మనిషి నిలబడే గుండ్రటి గచ్చు. ముఖ్యంగా వాడుకునేది మాస్టర్స్ అథ్లెట్లు, అంటే 35 ఏళ్ళు నిండినవాళ్ళు. మా బృందంలో అందరికంటే చిన్నవాడు 41 ఏళ్ళ ఆటో డ్రైవరు, అందరికంటే పెద్దావిడ 74 ఏళ్ళ పిన్నిగారు. నేను నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. తూములు, లాకులు, కాలవ గోడలు దగ్గరుండి కట్టించిన అనుభవం ఉంది కాబట్టి కట్టుబడి బాధ్యత నాకు అప్పగించారు. ఆటకు సంబంధించిన సంగతులన్నీ మా పీఈటీ మాస్టారివి. ఆయనా రిటైరయినవారే.

ఇన్నాళ్ళూ సున్నంతో గుండ్రంగా గీత గీసి అందులోంచి విసురుతూ వచ్చాం. పాదం కింద మట్టి జారుతుంది. నాలుగు విసుర్లకు గీత చెరిగిపోతుంది. కాలు బయట పడిందో లేదో ఎవరూ చెప్పలేరు. అక్కడ పడిన దూరాన్ని ఎవరు నమ్ముతారు? "పెద్దవాళ్ళు కదండీ, ఆరోగ్యం కోసం విసురుతున్నారు, సెంటీమీటర్ల లెక్కలు ఎందుకు" అని ఊళ్ళో చాలామంది అంటారు. మంచి మనసుతోనే అంటారు, కానీ ఆ మాట నాకు గిట్టదు. తెల్లవారుజామున లేచి, మోకాలికి పట్టీ చుట్టుకుని, మంచులో నడిచి వచ్చి విసిరిన మనిషికి మెచ్చుకోలు మాత్రమే ఇచ్చి పంపితే సరిపోదు. ఎంత పడిందో ఖాయంగా చెప్పాలి. నిన్నటికంటే మూడు సెంటీమీటర్లు పెరిగితే ఆ మూడూ ఆ మనిషివే.

అందుకే మొదటి రోజే ఒక నిర్ణయం రాసుకున్నాం: కొలతల్లో ఎక్కడా 'ఇంచుమించు' అనే మాట ఉండకూడదు.

తవ్వకం

సర్కిల్ లోపలి వ్యాసం 2.135 మీటర్లు. ఇనుప రింగు పై అంచు చుట్టూ ఉన్న నేలతో సమానంగా ఉండాలి, లోపలి కాంక్రీటు ఆ అంచుకంటే 2 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. అటూ ఇటూ 6 మిల్లీమీటర్లకు మించి తేడా రాకూడదు. కాగితం మీద ఇదంతా తేలికే. మా నేల సంగతి వేరు.

డెల్టా నల్లరేగడి. వానాకాలంలో ఉబ్బుతుంది, వేసవిలో నెర్రెలు విచ్చుతుంది. దాని మీద నేరుగా పలచని దిమ్మె పోస్తే రెండు వేసవులు తిరిగేసరికి ఒక పక్క లేచి, ఒక పక్క కుంగి, నడిమికి బీట ఇస్తుంది. కాలవ గోడల దగ్గర ఈ సంగతి జీవితమంతా చూశాను. కాబట్టి మూడు మీటర్ల చదరంలో 60 సెంటీమీటర్ల లోతున రేగడి మొత్తం తీయించాం. అడుగున ఇసుక, దాని మీద ఎర్ర గ్రావెల్. గ్రావెల్‌ను ఒకేసారి కుమ్మరించకుండా అరడుగు మందాన పొరలు పొరలుగా పరిచి, తడిపి, దిమ్మిసతో కొట్టించాం. మేస్త్రి మొదట్లో కొంచెం విసుక్కున్నాడు. "ఇంటి పునాదికి కూడా ఇంత చేయరు సార్, గుండు విసిరేందుకేనా ఇదంతా?" అన్నాడు. పాదం ఊని తిరిగే మనిషికి ఎనభై కిలోల బరువు ఉంటుందనీ, అది ఒకే చోట పడుతుందనీ, కాలు జారితే ఈ వయసులో తుంటి ఎముక విరుగుతుందనీ చెప్పాను. ఆ తర్వాత దిమ్మిస తనే పట్టుకున్నాడు.

విసిరే దిక్కు ఉత్తరం. మేం సాధన చేసేది పొద్దున, కాబట్టి తూర్పు ఎండ కళ్ళలో పడకూడదు. నైరుతి మూల అడిగింది అందుకే.

రింగు

వెల్డింగ్ షాపులో 75 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప ఫ్లాటు తీసుకున్నాం. బజారులో దొరికే ఫ్లాటు పొడవు 6 మీటర్లు. మందం కలుపుకుని లెక్క వేస్తే మా రింగుకు 6.73 మీటర్లు కావాలి. 73 సెంటీమీటర్ల ముక్క అతికించక తప్పలేదు. అతుకు లోపలి వైపు బొడిపెలా మిగిలితే బూటు తగిలి మనిషి పడిపోతాడు కాబట్టి గ్రైండరుతో నున్నగా తీయించాం.

వంచే మిషన్ నుంచి వచ్చిన రింగు చూడడానికి గుండ్రంగానే ఉంది. టేపు పెడితే ఒక దిక్కున 2.128, దానికి అడ్డంగా 2.143 వచ్చింది. నిబంధన ఒప్పుకునే తేడా 5 మిల్లీమీటర్లు. మూడు అడ్డ కమ్ములు లోపల బిగించి, పొడవైన పక్కను నొక్కి, పొట్టి పక్కను తోసి, అన్ని దిక్కులా 2.133కూ 2.137కూ మధ్యకు తెచ్చి, ఆ కమ్ములను తాత్కాలికంగా వెల్డింగ్ చేయించాం. రింగు కదలకుండా అడుగున చువ్వ ముక్కలు కూడా అతికించాం.

మాఘ మాసం, కాంక్రీటు పోసిన రోజు

పదిహేను సెంటీమీటర్ల మందానికి లోపలి దిమ్మెకు అర ఘనపు మీటరు చిల్లర కాంక్రీటు పడుతుంది. సిమెంటు ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర. సిమెంటు నాలుగు బస్తాలు దాటుతుంది, రింగు వెలుపలి పట్టీకి కూడా కలిపి ఇంకొంచెం ఎక్కువే తెచ్చాం. లోపల 8 మిల్లీమీటర్ల చువ్వలతో జల్లెడ. నీళ్ళు నిలవకుండా అంచున మూడు చోట్ల సన్నటి పీవీసీ గొట్టాలు పెట్టి, వాలుగా పక్క కాలువలోకి తీశాం.

ఈ రోజు పనిలో నాకు బాగా నచ్చినది ఒక చెక్క పలక. రింగు కంటే కొంచెం పొడవైన పలక తీసుకుని, రెండు చివర్లా సరిగ్గా 20 మిల్లీమీటర్లు కోసి చెవుల్లా చేశాం. చెవులు రింగు అంచు మీద ఆనుతాయి, పలక పొట్ట లోపలికి 20 మిల్లీమీటర్లు దిగుతుంది. కాంక్రీటు పోశాక ఇద్దరు చెరో చివర పట్టుకుని, రింగు చుట్టూ నెమ్మదిగా నడుస్తూ పలకను తిప్పారు. ఎక్కువైనది పక్కకు నెట్టుకుపోయింది, తక్కువైన చోట తాపీతో వేసి మళ్ళీ తిప్పారు. రెండు చుట్లలో నేల ఎక్కడ చూసినా అంచుకు 20 మిల్లీమీటర్ల కిందకు వచ్చేసింది. నీటి గొట్టంతో మట్టం చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు.

పైపూత విషయంలో చాలాసేపు చర్చ నడిచింది. ఇనుప తాపీతో మెరుగు పెడితే అందంగా ఉంటుంది, కానీ మంచు పడిన పొద్దున అద్దంలా జారుతుంది. మరీ గరుకుగా వదిలేస్తే తిరిగి విసిరేవాళ్ళ మోకాలు పాదంతో పాటు తిరగదు, మెలిపడుతుంది. మా బృందంలో చాలామంది వెనక్కి తిరిగి నిలబడి, ఒంటి కాలి మీద జారుతూ ముందుకొచ్చి విసిరే పద్ధతి వాళ్ళు. ఆటో డ్రైవరు ఒక్కడే గిర్రున తిరిగి విసురుతాడు. చెక్క పలకతో రుద్ది వదిలేయమన్నాను. చేత్తో తడిమితే సన్న ఇసుక కాగితంలా తగలాలి.

ఆ తర్వాత రెండు వారాలు తడి గోనె సంచులు. పొద్దునా సాయంత్రం నీళ్ళు పోసే వంతు స్కూలు పిల్లలు అడిగి మరీ తీసుకున్నారు.

గుండ్లు

సర్కిల్ ఆరుతుండగా గుండ్ల పని. ఈ డైరీలో అసలు విషయం ఇదే అనుకుంటాను.

మాస్టర్స్‌లో అయిదేళ్ళకొక వయసు విభాగం. షాట్‌పుట్‌లో మగవాళ్ళకు 49 వరకు 7.26 కిలోలు, యాభైల్లో 6, అరవైల్లో 5, డెబ్బైల్లో 4, ఎనభై దాటితే 3. ఆడవాళ్ళకు 49 వరకు 4 కిలోలు, 50 నుంచి 74 వరకు 3, డెబ్బై అయిదు నుంచి 2. కుర్రాళ్ళ పోటీల్లో 18 ఏళ్ళ లోపు వాళ్ళకు 5 కిలోలు, 20 లోపు వాళ్ళకు 6. ఎక్కిన మెట్ల మీదుగానే మళ్ళీ దిగుతున్నామన్నమాట. నాకిప్పుడు 61, నా గుండు 5 కిలోలు. అదే బరువు ఈ స్కూలు పదో తరగతి పిల్లవాడి చేతిలో కూడా ఉంటుంది.

బరువు తగ్గించడాన్ని కొందరు దయ అనుకుంటారు. మా మాస్టారు దీన్ని పిల్లలకు చాలా బాగా చెప్పారు. వయసు పెరిగే కొద్దీ ముందుగా పోయేది వేగం. మరీ బరువైన గుండు ఇస్తే అది మెడ దగ్గరి నుంచి నెట్టుడు బండిలా బయటకు వస్తుంది, విసరడం అనేదే ఉండదు. సరైన బరువు ఇస్తే కాలి నుంచి నడుముకు, నడుము నుంచి భుజానికి, భుజం నుంచి వేళ్ళకు బలం వరసగా పారుతుంది. ఆట ఆటగా మిగలాలంటే బరువు మారాలి. అప్పుడు 76 ఏళ్ళ మనిషి నేర్పును 76 ఏళ్ళ మనిషి నేర్పుతోనే పోల్చవచ్చు.

ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందని ఒక పాప అడిగింది. అమెరికాలోని శాన్‌డియాగోలో డేవిడ్ పెయిన్ అనే న్యాయవాది నలభై దాటినవాళ్ళకు మైలు పరుగులు మొదలుపెట్టి, 1968లో అక్కడే జాతీయ మాస్టర్స్ పోటీలు జరిపించాడు. 1975లో టొరంటోలో మొదటి ప్రపంచ పోటీలు జరిగాయి. 1977లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. అదే ఇప్పటి వరల్డ్ మాస్టర్స్ అథ్లెటిక్స్. పాపకు అవేవీ పెద్దగా పట్టలేదు. 2022లో ఫిన్లాండ్‌లోని టాంపెరెలో జరిగిన ప్రపంచ మాస్టర్స్ పోటీల్లో మన దేశానికే చెందిన 94 ఏళ్ళ భగవానీ దేవి వంద మీటర్లు 24.74 సెకన్లలో పరిగెత్తి బంగారు పతకం, షాట్‌పుట్‌లో, డిస్కస్‌లో (పళ్ళెం లాంటి చక్రం విసరడం) కంచు పతకాలు తెచ్చుకుందని చెప్పగానే మాత్రం "మా జేజమ్మ కంటే పెద్దదా?" అని కళ్ళు పెద్దవి చేసింది. పిన్నిగారు మైదానానికి మొదటిసారి వచ్చింది కూడా ఆ వార్త టీవీలో చూసిన తర్వాతే.

ఇక తూకం. మా దగ్గరున్న 3 కిలోల గుండు మీద '3' అని పోత పోసి ఉంది. బంగారు దుకాణంలో పెద్ద కాటా మీద పెట్టి చూస్తే 2 కిలోల 964 గ్రాములు. పోటీకి తెచ్చే గుండు 3 కిలోలకు ఒక్క గ్రాము తగ్గినా పనికిరాదు. ఇన్నాళ్ళూ పిన్నిగారు దానితోనే సాధన చేశారు. ఎవరూ గమనించేవారు కారు, అయినా సరిచేయాలి.

లేతు పనివాడి దగ్గరకు తీసుకెళ్ళాను. పోత ఇనుము కంటే సీసం బాగా బరువు. ఒక ఘనపు సెంటీమీటరు ఇనుము తీసి అదే చోట సీసం పోస్తే నాలుగు గ్రాములు పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల బెజ్జం, నాలుగున్నర సెంటీమీటర్ల లోతు తొలిచాడు. మూడున్నర సెంటీమీటర్ల వరకు సీసం నింపి, పై సెంటీమీటరుకు ఇనుప బిరడా మర బిగించి, గుండుతో సమంగా చెక్కాడు. సీసం కరిగించే పని షెడ్డు బయట గాలి వీచే వైపు నిలబడి చేశాడు, నన్ను దూరంగా ఉండమన్నాడు. మళ్ళీ కాటా ఎక్కిస్తే 3 కిలోల 9 గ్రాములు. బిరడా ఎక్కడుందో వేలితో వెతికినా దొరకదు. డబ్బు తీసుకోమంటే సగమే తీసుకున్నాడు. వాళ్ళ నాన్నకు 68 అట. "ఆయన్నీ తీసుకురమ్మంటారా?" అని అడిగాడు. తప్పకుండా తీసుకురమ్మన్నాను.

2 కిలోల గుండు బజారులో దొరకలేదు. 80 మిల్లీమీటర్ల గుండ్రటి ఇనుప కడ్డీ ముక్క నుంచి లేతు మీద తీయవచ్చని లెక్క వేశాం. వ్యాసం 79 మిల్లీమీటర్ల దగ్గర 2 కిలోలకు పాతిక గ్రాములు పైన ఉంటుంది, అక్కడి నుంచి సానబడుతూ దిగాలి. పిన్నిగారికి ఆషాఢంలో 75 నిండుతాయి. ఇంట్లో పుట్టినరోజు అంటే కొడుకులు, మనవలు కేకు గురించి మాట్లాడతారట, ఈవిడ మాత్రం "నా రెండు కిలోల గుండు అప్పటికి తయారవుతుందా నాయనా?" అని అడుగుతున్నారు.

శివరాత్రి తర్వాత, స్టాప్ బోర్డు

సర్కిల్ ముందు వైపు అమర్చే తెల్లటి చెక్క దిమ్మ ఇది. లోపలి వంపు పొడవు 1.21 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, మందం కనీసం 11.2 సెంటీమీటర్లు. ఒకే చెక్కలో ఆ వంపు కోయాలంటే 28 సెంటీమీటర్ల వెడల్పు దుంగ కావాలి. అంత వెడల్పు తుమ్మ మాకు దొరకలేదు. వడ్రంగి మూడు ముక్కలుగా కోసి, కూసాలు పెట్టి, బోల్టులతో కలిపాడు. కాంక్రీటులో ముందే పాతిన మరలకు బిగించాం. లోపలి ముఖం రింగు లోపలి అంచుతో కచ్చితంగా కలవాలి, ఎందుకంటే దూరం కొలిచేది అక్కడి నుంచే. దీని పక్కకు పాదం ఆనించి ఆగవచ్చు, పైభాగాన్ని తాకితే ఫౌలు.

సెక్టార్ గీతలు

విసిరిన గుండు ఈ రెండు గీతల మధ్యే పడాలి. వాటి మధ్య కోణం 34.92 డిగ్రీలు అనగానే కోణమాపకం వెతకనక్కరలేదు. కేంద్రం నుంచి 20 మీటర్ల తాడు లాగి ఒక మేకు, అదే 20 మీటర్లకు రెండో మేకు, ఆ రెండు మేకుల మధ్య 12 మీటర్లు. కోణం దానంతటదే వస్తుంది. ఒకటో మీటరు దగ్గర గీతల మధ్య 60 సెంటీమీటర్లు, పదో మీటరు దగ్గర 6 మీటర్లు. ఎనిమిదో తరగతి పిల్లలతో ఈ పని చేయించాం. సరూప త్రిభుజాలు పుస్తకంలో చదివినవాళ్ళకు అవి మైదానంలో పరుచుకుని కనిపించాయి.

గుండు పడే చోట గుర్తు పడాలి. ఎండిన రేగడి మీద గుండు ఎగిరి పోతుంది, తడి రేగడిలో దిగబడుతుంది. మూడో మీటరు నుంచి పన్నెండో మీటరు దాకా పై మట్టి గీకి, ఇసుక కలిపిన ఒండ్రు మట్టి నాలుగంగుళాలు పరిచాం. ఇప్పుడు గుండు పడితే శుభ్రంగా గిన్నె ఆకారంలో గుంట పడుతోంది.



ఉగాదికి ముందు ఆదివారం, కొలిచిన పోటీ

పొద్దున్నే మొదలుపెట్టాం. పొరుగూళ్ళ నుంచి కూడా వచ్చారు. లేతు పనివాడి నాన్నగారు పంచె మడిచి కట్టి, 5 కిలోల గుండును ముందు రెండు చేతులతో ఎత్తి చూసి, "ఇది బాగానే ఉంది" అన్నారు. వరి బస్తాలు మోసిన భుజం ఆయనది. పద్ధతి తెలియదు, నిలబడిన చోట నుంచే నెట్టారు, అయినా ఏడు మీటర్లు దాటింది. మాస్టారు పరుగున వెళ్ళి ఆయన ఎడమ పాదం ఎక్కడ ఆనించాలో చూపించడం మొదలుపెట్టారు.

కొలిచే పద్ధతి ముందే అందరికీ చెప్పాం. టేపు సున్నా గుండు పడిన గుంట దగ్గరి అంచున ఉండాలి. రెండో చివర కేంద్రం మీదుగా లాగాలి. స్టాప్ బోర్డు లోపలి అంచు దగ్గర చదవాలి. సెంటీమీటరుకు లోపు ఉన్నదాన్ని వదిలేయాలి. పిన్నిగారి మూడో విసురు 5.12 దాటి మరో ఎనిమిది మిల్లీమీటర్ల దగ్గర ఆగింది. చుట్టూ ఉన్నవాళ్ళు "5.13 రాసేయండి, పెద్దావిడ" అన్నారు. పిన్నిగారే ఒప్పుకోలేదు. "పన్నెండే రాయండి. పదమూడు నేను వేస్తాను" అన్నారు. అయిదో విసురుకు 5.19 పడింది. ఆ అంకె రాస్తున్నప్పుడు నా చేయి కొంచెం వణికిందని చెప్పడానికి నాకేమీ మొహమాటం లేదు.

పరుగులో మాస్టర్స్‌కు ఒక మంచి వెసులుబాటు ఉంది. వంద మీటర్లకు కూడా వంగి, బ్లాకుల మీద కాళ్ళు పెట్టి మొదలుపెట్టాలన్న నిర్బంధం లేదు, నిలబడే బయలుదేరవచ్చు. నడుము నొప్పి ఉన్న ఇద్దరు అది తెలియక ఇన్నాళ్ళూ పేరు ఇవ్వలేదట. ఈ రోజు ఇచ్చారు.

ఫలితాలన్నీ ఒక లెడ్జరులో రాశాం: విసిరిన మనిషి వయసు, గుండు బరువు, ఆరు విసుర్లు, ఫౌళ్ళు. ఆటో డ్రైవరుకు నాలుగు ఫౌళ్ళు, అవి కూడా అలాగే ఉన్నాయి. పుస్తకం స్కూలు ఆఫీసు బీరువాలో ఉంటుంది, ఎవరు అడిగినా చూపిస్తారు.

తరువాతి పని

డిస్కస్ సర్కిల్. వ్యాసం 2.50 మీటర్లు, కాబట్టి ఈసారి ఫ్లాటు 7.87 మీటర్లు కావాలి. నేల పని అంతా ఇదే పద్ధతి. కానీ మూడు వైపులా వల కట్టే దాకా అక్కడ ఒక్క డిస్కస్ కూడా లేవకూడదని తీర్మానం చేశాం. పక్కనే పిల్లలు కబడ్డీ ఆడతారు. వలకు గుంజలు ఇస్తామని ఇద్దరు ముందుకొచ్చారు, నైలాన్ వల నిజాంపట్నం రేవులో మంచిది దొరుకుతుందని ఒక జాలరి మిత్రుడు చెప్పాడు. వచ్చే వారం వెళ్ళి కన్ను వెడల్పు కొలుచుకుని రావాలి. 2 కిలోల గుండు లేతు మీద ఉంది, ఇంకా 14 గ్రాములు దిగాలి.